పట్టభద్రుల నిరుద్యోగంపై పరిశోధనకు రాజ్యాంగం ఆధార గ్రంథం అవుతుందా?

"పట్టభద్రుల నిరుద్యోగంపై థీసిస్ రాస్తున్నాను. ఆధార గ్రంథాలలో భారత రాజ్యాంగాన్ని చేర్చవచ్చా? అందులో గణాంకాలేవీ ఉండవు కనుక అవసరం లేదని మా గైడ్ గారు అంటున్నారు" అని మీరు అడిగారు.

తప్పకుండా చేర్చండి. మీ గైడ్ గారు చెప్పిన మాట నిజమే; రాజ్యాంగంలో అంకెలు ఉండవు, నిరుద్యోగి అంటే ఎవరో కూడా అది ఎక్కడా చెప్పదు. ఎంతమందికి పని లేదో తెలుసుకోవడానికి 2017 నుంచి జరుగుతున్న పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ఉంది. కానీ పని లేనివారికి ప్రభుత్వం ఏమి బాకీ పడింది, ఆ బాకీని తీర్చమని ఎవరిని అడగాలి, ఏ ఉద్యోగానికి ఎవరు స్థానికులు, ఎవరు కారు అన్న ప్రశ్నలకు ఏ సర్వేలోనూ జవాబు దొరకదు. వాటికి మూలం రాజ్యాంగమే. మూలాన్ని వదిలేసి, దాని గురించి ఎవరో రాసిన వ్యాసాన్ని ఆధారంగా చూపించే అలవాటు మన విశ్వవిద్యాలయాలలో ఎందుకు స్థిరపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంత ధీమాగా చెబుతున్న నేను కూడా మొదట తప్పే చేశాను. నా పరిశోధన కూడా ఈ విషయం మీదే. మొదటి అధ్యాయంలో పని, జీవనోపాధి గురించి చెప్పే 39, 41, 43 అధికరణాలను పటానికి దండ వేసినట్టు వరుసగా వేసి, "భారత రాజ్యాంగం ప్రతి పౌరునికి పని హక్కును హామీ ఇస్తున్నది" అని రాశాను. గైడ్ గారు చదివారు, కమిటీ చదివింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆ వాక్యం తప్పని నాకు చెప్పినవాడు నా ప్రశ్నావళికి జవాబులు ఇవ్వడానికి ఒప్పుకున్న ఒక నిరుద్యోగి.

2022 చివరలో హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర నేను అభ్యర్థులతో మాట్లాడుతూ ఉండేవాణ్ణి. ఆ చుట్టుపక్కల అశోక్‌నగర్ వీధుల గురించి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. డిగ్రీలు, పీజీలు పూర్తి చేసి గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే వారు అక్కడ చిన్న చిన్న గదులలో ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు, పొద్దున్నే వచ్చి గ్రంథాలయంలో చోటు పట్టుకుంటారు, సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడి ఒకరినొకరు బిట్లు అడుగుకుంటారు. ఈ దేశంలో రాజ్యాంగాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివేది నిరుద్యోగ పట్టభద్రులేనని నా గట్టి నమ్మకం. న్యాయవాదులు కూడా తమ కేసుకు కావలసిన మేరకే చదువుతారు.

ఆ రోజు నాతో మాట్లాడిన యువకునికి ముప్పై ఏళ్లు, ఎమ్మెస్సీ చదివాడు. పరిచయంగా నా పరిశోధన గురించి చెబుతూ, రాజ్యాంగం పని హక్కును హామీ ఇచ్చిన దేశంలో మీ పరిస్థితి ఇలా ఎందుకుందో తెలుసుకోవాలనుకుంటున్నానని అన్నాను. అతడు టీ గ్లాసు పక్కన పెట్టి, చాలా మర్యాదగా, "సార్, మీరన్నది బిట్టుగా వస్తే తప్పు ఆప్షన్ అవుతుంది" అన్నాడు. ఆ తరువాత పుస్తకం తెరవకుండానే 41వ అధికరణం మొత్తం అప్పజెప్పాడు: రాజ్యం తన ఆర్థిక సామర్థ్యానికి, అభివృద్ధికి ఉన్న పరిమితులకు లోబడి, పని హక్కును, విద్యా హక్కును, నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, వైకల్యం వంటి సందర్భాలలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును సమకూర్చడానికి తగిన ఏర్పాట్లు చేయాలి. "పరిమితులకు లోబడి అన్న ముక్క మీరు వదిలేశారు సార్. ఇది నాలుగో భాగంలో ఉంది. 37 ప్రకారం కోర్టుకు పోలేము" అని ముగించాడు. నా కమిటీలోని ముగ్గురు ప్రొఫెసర్లు పట్టుకోలేని తప్పు అది.

అప్పటి నుంచి నేను ఆ అధికరణాన్ని హామీగా కాక, షరతుతో రాసిన బాకీ పత్రంగా చదవడం మొదలుపెట్టాను. రాజ్యాంగ సభలోనే ఆర్థికవేత్త కె.టి. షా ఈ నాలుగో భాగంలోని అధికరణాలను, అంటే ఆదేశిక సూత్రాలను, బ్యాంకు తనకు వీలున్నప్పుడు చెల్లించే చెక్కుతో పోల్చారు. అంబేద్కర్ గారు మాత్రం 1948 నవంబరు 4న చేసిన ప్రసంగంలో వాటిని ప్రభుత్వాలకు ఇచ్చే సూచనల పత్రంగా భావించాలని, పాటించనివారు కోర్టులో కాకపోయినా ఎన్నికలలో ఓటర్లకు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని అన్నారు. ఎవరి మాట నిజమైందో తేల్చడానికి మీ థీసిస్ ఉపయోగపడితే అంతకంటే కావలసినది లేదు.

ఆ ఒక్క అధికరణానికి తరువాత పట్టిన గతిని గమనించండి. అందులోని విద్యా హక్కును 2002లో 86వ సవరణ పైకి తీసుకుపోయి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 21-ఎ కింద ప్రాథమిక హక్కుగా చేసింది. పని హక్కులో ఒక ముక్క 2005లో గ్రామీణ కుటుంబాలకు ఏడాదికి 100 రోజుల పనిగా చట్టమైంది, కానీ అది నైపుణ్యం అక్కరలేని శారీరక శ్రమకు మాత్రమే. ప్రభుత్వ సహాయం అన్న మాటను పట్టభద్రుల విషయంలో కొంత అమలు చేసినది, తెలుగు రాష్ట్రాలలో నాకు తెలిసినంతవరకు, ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో మొదలైన యువనేస్తం. డిగ్రీ లేదా డిప్లొమా ఉన్న నిరుద్యోగులకు మొదట నెలకు 1,000 రూపాయలు ఇచ్చిన ఆ పథకం ప్రభుత్వం మారడంతో ఆగిపోయింది. అంటే చదువు కోర్టులో అడగగలిగే హక్కైంది, కూలి పని చట్టమైంది, ఆ చదువుకు తగిన పని మాత్రం 1950లో ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోయింది. ఈ పరిశీలన కోసం నేను ఏ సర్వే నివేదికా తిరగేయలేదు. రాజ్యాంగం ప్రతి, దాని సవరణల జాబితా, ఒక చట్టం సరిపోయాయి.

ఏ విషయం కేంద్రానిదో, ఏది రాష్ట్రాలదో, ఏది ఉమ్మడిదో చెప్పే ఏడవ షెడ్యూలును కూడా మీరు స్వయంగా చదవండి. ఉపాధి, నిరుద్యోగం ఉమ్మడి జాబితాలో 23వ అంశం. రాష్ట్ర జాబితాలో 9వ అంశం వికలాంగులకు, పని చేయలేనివారికి ఇచ్చే సహాయం గురించినది. పని చేయలేనివాడు రాష్ట్రం బాధ్యత, పని దొరకనివాడు కేంద్ర రాష్ట్రాలు రెండింటి బాధ్యత. ఉద్యోగాల లెక్కలు అడిగినప్పుడల్లా ఒకరు ఢిల్లీ వైపు, మరొకరు రాష్ట్ర రాజధాని వైపు వేలు చూపించే నాయకుల ప్రసంగాల పక్కన ఈ రెండు అంశాలనూ పెడితే మీకు ఒక అధ్యాయం తయారవుతుంది.

మళ్లీ ఆ యువకుని దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు విషయం అతడు ఆ తరువాత చెప్పాడు. తన గురించి రాయదలిస్తే 41 కాదు, తెలుగు ప్రాంతాలలో స్థానికుల ఉద్యోగాల గురించిన 371-డి అధికరణం మీద రాయమన్నాడు. 1969 తెలంగాణ ఉద్యమం, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు, దాని వెంట ప్రత్యేక ఆంధ్ర కోసం జై ఆంధ్ర ఉద్యమం, 1973లో రాజీగా ఆరు సూత్రాల పథకం, అదే ఏడాది 371-డిని చేర్చిన 32వ సవరణ. ఇంత కథ ఉంది ఆ అధికరణం వెనుక. ఉద్యోగాల కోసం జరిగిన పోరాటాల వల్ల రాజ్యాంగంలోకి వచ్చిన ఈ అధికరణాన్ని తెలుగువారి నిరుద్యోగం మీద రాసేవారు చారిత్రక నేపథ్యంలో ఒక పేరాతో సరిపెట్టడం నాకు మింగుడుపడదు. దాని కింద వచ్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులకు ఉద్యోగ స్థాయిని బట్టి 80, 70, 60 శాతం కేటాయించింది. తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వు దాన్ని 95 శాతం చేసి, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఆ జిల్లాకే స్థానికులని లెక్కించింది.

ఈ యువకుని ఊరు నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ఉంది. మూడో తరగతి వరకు అక్కడే చదివాడు. తండ్రి వలస కూలీగా ముంబై వెళ్లడంతో నాలుగు నుంచి ఏడు దాకా వనపర్తి వైపు మేనత్త ఇంట్లో ఉండి చదివాడు. అప్పట్లో రెండు ఊళ్లూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక అతడు చదివిన బడి వనపర్తి జిల్లాలోకి, ఇల్లు, పొలం, ఓటు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లాయి. కొన్ని జిల్లాలను కలిపి ఒక జోనుగా లెక్కించే జోనల్ ఉద్యోగాలకు ఇబ్బంది లేదు, రెండు జిల్లాలూ ఒకే జోనులో ఉన్నాయి. కానీ జిల్లా స్థాయి ఉద్యోగాలకు అతడు సొంత ఊళ్లో స్థానికేతరుడు. బోనఫైడ్ పత్రాల కట్టను ప్లాస్టిక్ సంచిలోంచి తీసి చూపిస్తూ, "మేనత్త అన్నం పెట్టినందుకు నాన్‌లోకల్ అయిన సార్" అని నవ్వాడు. వారానికి రెండు సాయంత్రాలు అతడు ట్యూషన్ చెబుతాడు. వారం రోజులలో ఒక గంట పని చేసినవారిని కూడా ఉపాధి ఉన్నవారిగా లెక్కించే వారపు స్థితి కొలమానం ప్రకారం అతడు నిరుద్యోగి కూడా కాడు. మీరు సర్వే అంకెలను మాత్రమే నమ్ముకుంటే ఇటువంటి మనిషి మీ థీసిస్‌లోకి రానే రాడు.

ఇక మీరు ఎదుర్కోబోయే ఒక చికాకు గురించి. నేను అధికరణాలను యథాతథంగా ఉటంకించినందుకు మా విశ్వవిద్యాలయంలోని తనిఖీ సాఫ్ట్‌వేర్ వాటిని కాపీగా చూపించింది, గ్రంథాలయ సిబ్బంది రాజ్యాంగాన్ని సొంత మాటల్లో తిరగరాయమని సలహా ఇచ్చారు. అలా చేయకండి. 2018 నాటి యూజీసీ నిబంధనలలోనే చట్టాల పాఠాన్ని ఈ లెక్క నుంచి మినహాయించాలని స్పష్టంగా ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి వెంట పెట్టుకోండి. అలాగే కోచింగ్ పుస్తకాల నుంచి అధికరణాలు ఎత్తి రాయవద్దు. పరిమితులకు లోబడి అన్న ముక్క నా వాక్యంలోంచి జారిపోయింది అటువంటి సంక్షిప్త నోట్సు వల్లనే. మీరు వాడిన ప్రతి ఏ సవరణ వరకు ఉన్నదో కూడా రాయండి. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి మారిందన్న సంగతి పాత ప్రతిలో కనిపించదు.

మీ గైడ్ గారు అంకెలే కావాలని పట్టుబడితే 323వ అధికరణం చూపించండి. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రతి ఏడాదీ తన పనిపై గవర్నరుకు నివేదిక ఇవ్వాలని, కమిషన్ సలహాను ప్రభుత్వం ఎక్కడ పాటించలేదో కారణాలతో సహా దాన్ని శాసనసభ ముందు ఉంచాలని అందులో ఉంది. మన రంగంలో ఆ నివేదికలు అడిగి తెప్పించుకున్న పరిశోధకులను నేను ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టగలను. శాసనసభ గ్రంథాలయానికి ఉత్తరం రాయండి, రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ ప్రశ్నావళి ఇంకా అచ్చుకు వెళ్లకపోతే, వయసు, చదువు, తల్లిదండ్రుల ఆదాయం అడిగే గడుల కింద మరొక గడి చేర్చండి: ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏ ఏ ఊళ్లలో చదివారు, ఆ ఊళ్లు అప్పుడు ఏ జిల్లా, ఇప్పుడు ఏ జిల్లా?