ఆ నోటుపుస్తకం అచ్చు వెయ్యకు తల్లీ

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడాది జ్ఞాపకార్థ కూడికలో నాన్న గురించి నువ్వే మాట్లాడుతున్నావని, ఆయన జీవితం మీద చిన్న పుస్తకం కూడా అచ్చు వేయిస్తున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పమంటే మీ నాన్న చొక్కా వెనక దాక్కున్న పిల్లవి నువ్వు. ఇప్పుడు సంఘమంతా వింటుండగా నా తమ్ముడి గురించి మాట్లాడబోతున్నావు. నాకెంత సంతోషమేసిందో రాయలేను.

మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. నాన్న ప్రార్థన నోటుపుస్తకం దొరికిందట, అందులో నాలుగైదు పేజీలు ఫొటో తీసి పుస్తకంలో వెయ్యాలనుకుంటున్నావట. అది విన్న తర్వాత నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ పేజీలు వెయ్యొద్దు. ఎందుకో చెప్తాను. ముందు చిన్న చిన్న సంగతులు చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను.

తేదీలు ఎవరి నోటిమాటా నమ్మి రాయకు, నా మాట కూడా. బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం సంఘ రిజిస్టరులో చూసుకో. ఏడెనిమిది నిమిషాలకు మించి మాట్లాడకు. కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసుకో. ఫోన్ చూసి చదివితే కళ్లలో నీళ్లు తిరిగినప్పుడు ఆ అక్షరాలు కనపడవు. ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకో, గొంతు ఎక్కడ పూడుకుపోతుందో ముందే తెలుస్తుంది. సంఘ పెద్దగా ఇన్నేళ్లు, కోశాధికారిగా ఇన్నేళ్లు అనే లెక్కంతా పుస్తకం చివర వేసెయ్, మాటల్లో వద్దు.

ఇక మనుషుల్ని అడగడం గురించి. లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాల్లో ఏం చెప్పాడో ఒకసారి తీసి చూడు. కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతుల్ని మొదటినుంచి తరచి తెలుసుకుని వరసగా రాస్తున్నానంటాడు. నువ్వూ అలాగే వెళ్లు. నాన్నతో పాటు తిరిగినవాళ్లలో చాలామంది ముసలివాళ్లయిపోయారు, వాళ్ల దగ్గరికి ముందు వెళ్లు. "మా నాన్న ఎలాంటివాడు?" అని మాత్రం అడగకు. అలా అడిగితే అందరూ "దేవుడిలాంటి మనిషమ్మా" అంటారు, ఆ మాటతో నీకు రాయడానికేమీ దొరకదు. "మీరు మొదటిసారి ఆయన్ని ఎక్కడ చూశారు? ఆ రోజు ఏం చేస్తున్నాడు?" అని అడుగు. అడిగాక మౌనంగా కూర్చో. ముసలివాళ్లకి అసలు సంగతి గుర్తుకు రావడానికి కాస్త టైమ్ పడుతుంది.

దొర్కా సంగతి నీకు తెలుసుగా, అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం. యొప్పేలో ఆమె చనిపోతే పేతురు వచ్చాడు. విధవరాండ్రు ఏడుస్తూ ఆయన చుట్టూ నిలబడి, ఆమె బతికుండగా కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఆమె ఎంత మంచిదో ఒక్క మాట చెప్పినట్టు అక్కడ రాసి లేదు. కుట్టిన బట్టలు చూపించారు, అంతే. నాన్న గురించి నువ్వు చెప్పేది కూడా అలా చూపించగలిగింది కావాలి. వాడి బైబిలు చూడు. కుడివైపు కింది మూల పేజీలన్నీ బొటనవేలు తగిలి గోధుమరంగుకి తిరిగి, గుడ్డలా మెత్తబడిపోయాయి. కీర్తనల దగ్గర ఆ మరక మరీ ముదురు. "మా నాన్న ప్రార్థనాపరుడు" అనే బదులు ఆ మూల గురించి చెప్పు.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

మీ తాతయ్య పోయినప్పుడు నాకు 34 ఏళ్లు. ఇంట్లో బాగా మాట్లాడేది నేనేనని పేరు. ఏడాది కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. నేనూ నీలాగే నాన్న వస్తువులు వెతికాను. బీరువా అడుగున ఒక కవరు దొరికింది. సంఘంలో ఒకాయన అప్పులపాలై ఇల్లు పోగొట్టుకోబోతుంటే మా నాన్న ఆ అప్పు మొత్తం తీర్చాడు. దాని రసీదులు, ఆయన రాసిన రెండు ఉత్తరాలు అందులో ఉన్నాయి. మా అమ్మకి కూడా తెలియదు. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇంత గొప్ప పని చేసి ఎవరికీ చెప్పకుండా పోయాడా, ఇది లోకానికి తెలియాల్సిందే అనుకున్నాను.

కూడికలో ఆయన పేరుతో సహా చెప్పాను. ఉత్తరంలోంచి ఒక వాక్యం చదివాను కూడా. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన మూడో వరసలో కూర్చున్నారు. అటూ ఇటూ పిల్లలు, పక్కన కొత్తగా వియ్యమందుకున్నవాళ్లు. ఆయన తల వంచుకున్నారు. కృతజ్ఞతతో ఏడుస్తున్నారనుకున్నాను. కూడిక అయ్యాక నా దగ్గరికి వచ్చి "బాగా చెప్పావమ్మా" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. అది నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన మందిరానికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఒకరోజు వాళ్ల పెద్దమ్మాయి ఎదురుపడి, "ఆ సంగతి నాన్న మాకు కూడా చెప్పలేదక్కా" అంది. కోపంగా కూడా అనలేదు. నేను ఏదో గొణిగి వచ్చేశాను.

కూడిక జరిగిన రాత్రే మీ నాన్న నన్ను ఒక మాట అడిగాడు. "అక్కా, ఆ సంగతి నాన్న నీకెప్పుడు చెప్పాడు?" అన్నాడు. "చెప్పలేదురా, కాగితాలు దొరికాయి" అన్నాను. "నాన్న చెప్పనిది నువ్వెలా చెప్పావక్కా?" అన్నాడు. వాడు నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. నాకు ఒళ్లు మండింది. నాన్న గొప్పతనం చెప్తే తప్పా అని కేకలేశాను. వాడు మళ్లీ ఏమీ అనలేదు. నేను చేసింది తప్పని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అప్పుడు ఆయన ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. "పోనీలేమ్మా" అన్నారు ఆయన. ఆ పోనీలేమ్మా ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పు తీర్చి మా నాన్న ఆయనకి నిలబెట్టింది ఇల్లొక్కటే కాదు, పిల్లల ముందు తల ఎత్తుకుని తిరిగే గౌరవం. దాన్ని నేను ఐదు నిమిషాల్లో తీసేశాను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉన్న మాట, ఇచ్చేవాడికి గర్వం రాకూడదని చెప్పిందేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. పుచ్చుకున్నవాడికి కూడా అది చాటు అని ఆ తర్వాతే తెలిసింది.

మీ నాన్న ఏం చేశాడో తెలుసా? కూడిక జరిగిన ఆ వారం నుంచే ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఉత్త చేతులతో వెళ్లేవాడు. ఆయనకి గడియారాలు బాగుచేయడం సరదా. వీడు పక్కన కూర్చుని చిన్న స్క్రూలు కింద పడకుండా మూతలో పట్టుకునేవాడట. కూడిక సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదట. ఏడు నెలల తర్వాత ఆయన మందిరానికి వచ్చి, తలుపు పక్కన చివరి వరసలో కూర్చున్నారు. మీ నాన్న ముందు వరసలోంచి లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. మళ్లీ ముందుకి రాలేదు. ఆయన పోయాక కూడా రాలేదు.

చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి గుర్తుందా, సంఘ పెద్దవై ఉండి వెనకెందుకు కూర్చుంటావు నాన్నా అని? గుమ్మం దగ్గరైతే గాలి వస్తుందమ్మా అనేవాడు. అసలు సంగతి ఇది. ఇప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను. వెనక వరస గురించి నువ్వు చెప్పుకో. కొత్తగా వచ్చినవాళ్లు, ముఖం చెల్లనివాళ్లు అక్కడే కూర్చుంటారు, మా నాన్న వాళ్ల పక్కన కూర్చునేవాడు అని చెప్పు. అది ముప్ఫై ఏళ్లపాటు అందరూ చూసిందే. గడియారాలాయన సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ, వాళ్ల పిల్లలు ఇంకా ఆ మందిరానికే వస్తున్నారు.

ఇప్పుడర్థమైందా నోటుపుస్తకం అంటే నాకెందుకంత భయమో? అందులో పేర్లుంటాయి. పేరు పక్కన తాగుడనో, జబ్బనో, మొగుడూ పెళ్లాల గొడవనో ఉంటుంది. వాళ్లంతా వాడి దగ్గర తలుపు మూసుకుని ఏడ్చినవాళ్లు. పేర్లు చెరిపేసి వేస్తానంటావేమో, వద్దు. తేదీ, కష్టం చదివితే చాలు, ఎవరో పోల్చేస్తారు. అట్ట ఫొటో వేసుకో, లోపలి పేజీ ఒక్కటి కూడా వద్దు. సాయం పొందినవాళ్లు ఎవరైనా తమంతట తాము లేచి చెప్తే వేరు. అప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు అడిగి, రాసింది వాళ్లకి చదివి వినిపించాకే అచ్చుకివ్వు.

నిన్ను కోప్పడుతున్నాననుకోకు. నీ వయసులో నాకీ మాట చెప్పేవాళ్లు లేరు.

ఇంట్లో సంగతులు కూడా రాయి. వాడు అర్ధరాత్రి ఎవరో పిలిచారని లేచి వెళ్తే తలుపు గడియ వేసి, మళ్లీ తీయడానికి మేలుకుని కూర్చున్నది మీ అమ్మ. ఆ సేవలో సగం ఆవిడది. ఆవిణ్ణి అడిగితే "నాదేముంది" అంటుంది. వదలకుండా అడుగు.

పదో తరగతప్పుడు నువ్వు నా దగ్గరికొచ్చి ఏడ్చావు. నాన్నకి అందరి కష్టాలూ వినడానికి టైముంది, నాకే లేదన్నావు. అది మనసులో పెట్టుకుని, పైకి అంతా తియ్యగా రాయకు తల్లీ. యేసును ఎరగనని పేతురు బొంకిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది, ఒక్కరూ దాచలేదు. అమ్మకి చెప్పి, ఆవిడ సరేనంటే, నీకు నాన్న కావలసిన వేళ ఆయన లేని రోజులున్నాయని చెప్పు. వినేవాళ్లు నిన్ను నమ్ముతారు. వాడికీ తెలుసు ఆ సంగతి. పోయిన ఏడాది ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "పిల్ల చిన్నప్పుడు ఇంకాస్త ఇంట్లో ఉండాల్సిందక్కా" అన్నాడు. నీకు ఎప్పుడు చెప్పాలా అని దాచిపెట్టుకున్నాను. ఇదిగో, చెప్పేశాను.

రాసింది ఆదివారం సాయంత్రం ఫోన్లో నాకు చదివి వినిపించు. మధ్యలో ఆపను, అయ్యాకే మాట్లాడతాను. కూడిక రోజు ముందు వరసలో నాకు కుర్చీ వెయ్యొద్దు, నేను వెనక తలుపు పక్కన కూర్చుంటాను. అక్కడికి వినపడేలా మాట్లాడు.

ఆ నోటుపుస్తకంలో నా పేరు కూడా ఉండే ఉంటుంది. నువ్వు ఈపాటికి చదివే ఉంటావు. పక్కన ఏం రాశాడో నాకు చెప్పొద్దు తల్లీ.

ప్రేమతో,
మీ మేనత్త