ఇంటావిడ బల్లమీద నల్లపిడి కత్తి

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అమ్మాయి లీడ్స్‌లో చదువుకుంటూ ఒకావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. మొన్న వీడియో కాల్‌లో ఇల్లు చూపిస్తే హాల్లో బల్లమీద నల్లపిడి కత్తి, కొవ్వొత్తులు, అయిదు కోణాల నక్షత్రం కనిపించాయి. ఇంటావిడ ‘పేగన్’ అట, అందులోనూ ‘విక్కా’ అట. ఇది చేతబడి వ్యవహారమా? ఇల్లు మారమని చెప్పనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఆ అద్దెకు మరో గది దొరకడం చేతబడికన్నా కష్టం.

పేగన్‌లంటే ప్రకృతినీ పాతకాలపు దేవతలనూ కొలిచేవాళ్ళు, వాళ్ళలో ఒక శాఖవారి మతం విక్కా. ఆ కత్తితో ఆవిడ ఉల్లిపాయ కూడా కోయదు. పూజ మొదలుపెట్టేటప్పుడు చుట్టూ వలయం గీసినట్టు గాలిలో తిప్పడానికే అది. నక్షత్రం అయిదు కోణాలూ భూమి, నీరు, నిప్పు, గాలి, ఆత్మ. సైతాను క్రైస్తవుల కథలోని వాడు, వీళ్ళ లెక్కలో అసలు లేడు.

అలాగని ‘మన పంచభూతాలే!’ అని మురిసిపోకండి. ఇది మన పూజలంత పాతదేమీ కాదు. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డనర్ అనే ఆంగ్లేయుడు 1954లో పుస్తకం రాశాకే విక్కా పదిమందికీ తెలిసింది. 1735 నాటి మంత్రగత్తెల చట్టం 1951లో రద్దయ్యాకే అలాంటి పుస్తకం రాయడానికి ధైర్యం వచ్చింది. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74,000 మంది తమ మతం పేగన్ అని రాసుకున్నారు, మరో 13,000 మంది విక్కా అని.

నేను బ్రిస్టల్‌లో నర్సుగా చేసిన రోజుల్లో నాతో రాత్రి డ్యూటీలు చేసినావిడ ఇలాంటిదే. వార్డులో గొలుసులు వేసుకోకూడదు కాబట్టి నక్షత్రాన్ని జేబు లోపల పిన్నుతో గుచ్చుకునేది. క్రిస్మస్ డ్యూటీ తనే అడిగి తీసుకునేది, మాకందరికీ పండగే! బదులుగా అక్టోబరు 31 రాత్రి మాత్రం సెలవు కావాలనేది. ఆ రోజు వాళ్ళకు సావిన్, పోయినవాళ్ళను తలచుకునే రాత్రి. ఒకసారి నన్నూ పిలిచింది. బల్ల దగ్గర ఖాళీ కుర్చీ, ముందు ఒక పళ్ళెం. అందులో వాళ్ళ అమ్మమ్మకు ఇష్టమైన కాల్చిన బ్రెడ్డు, దానిమీద టమాటా రసంలో ఉడికిన చిక్కుడు గింజలు, పక్కన మూడు చెంచాల పంచదార వేసిన టీ. భోజనమంతా ఎవరూ పెదవి విప్పలేదు. నాకు మా నాన్నగారి తద్దినం నాటి విస్తరి గుర్తొచ్చింది. ఆ మాట ఆవిడతో అంటే టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ విస్తరిలో ఏమేం పెడతామో ఒక్కొక్కటీ అడిగింది.

మీ అమ్మాయికి చెప్పవలసింది ఒక్కటే: ఆ బల్లమీదివి అడగకుండా ముట్టుకోవద్దు. స్నానం చేయకుండా మీ దేవుడి గదిలోకి ఎవరైనా చెయ్యి పెడితే మీకెలా ఉంటుంది? ఆవిడ పూజకు పిలిస్తే వెళ్ళవచ్చు, వద్దనుకుంటే మొహమాటపడకుండా చెప్పవచ్చు.

ఇంతకీ ఆ కొవ్వొత్తులు కిటికీ తెరకు ఎంత దూరంలో ఉన్నాయో ఒకసారి చూడమనండి. నా భయమల్లా అదే.