సదరంలో శాతం తగ్గిందని పెన్షన్ ఆపేయొచ్చా?

ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గరి పల్లె నుంచి ఒక అక్క అడిగారు: "మా తమ్ముడికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. 2011లో సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే చోట, 58 శాతం రాసిచ్చారు. ఐదొందలతో మొదలైన పెన్షన్ ఇప్పుడు ఆరు వేలు వస్తోంది. మళ్లీ పరీక్ష చేసి 36 శాతమే అన్నారు, రద్దు చేస్తామని నోటీసు వచ్చింది. ఇచ్చేది వాళ్లే కదా, వాళ్లు తీసేస్తే మనం అడగొచ్చా సార్? ఇన్నేళ్లు తీసుకున్నది వెనక్కి కట్టమంటారేమో అని ఇంట్లో అందరికీ టెన్షన్."

అడగొచ్చమ్మా, కచ్చితంగా అడగొచ్చు. ముందు ఆ నోటీసు మీద తేదీ చూడండి, అప్పీలుకు ఎన్ని రోజులు గడువు ఇచ్చారో చూడండి. ఆ గడువు దాటనివ్వకండి, మిగతావన్నీ దాని తర్వాతే.

మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. నెలకు ఎంత ఇవ్వాలి అన్నది ఒకటి, మీ తమ్ముడికి ఇవ్వాలా వద్దా అన్నది ఇంకొకటి. మొదటిది ప్రభుత్వం జీవో ఇచ్చి మార్చుకుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ 500 రూపాయలు ఉండేది, 2014 అక్టోబరు నుంచి 1,000 చేశారు, 80 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు 1,500. 2019కి మూడు వేలయింది, ఆ తర్వాత ఐదేళ్లపాటు అక్కడే ఆగిపోయింది, ధరలు మాత్రం ఆగలేదు. 2024 జులై నుంచి ఆరు వేలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 15,000. ఉద్యోగుల డీఏ లాగా ధరలతో పాటు దానంతటదే పెరిగే ఏర్పాటు ఈ పెన్షన్‌కు లేదు, ప్రభుత్వం తలచుకున్నప్పుడే పెరుగుతుంది. అందుకే ఎన్నికలప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

అయినా రేటు విషయంలోనూ ప్రభుత్వానికి పూర్తి స్వేచ్ఛ లేదు, ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి పథకాల్లో మిగతావాళ్లకు ఇచ్చేదానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. 2024 జనవరిలో మన దగ్గర వృద్ధాప్య పెన్షన్ మూడు వేలయింది, వికలాంగులదీ మూడు వేలే. అంటే జులైలో పెంచేదాకా ఇద్దరికీ ఒకటే. అది చట్టానికి విరుద్ధమని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 కాబట్టి ఆ షరతు నిలబడింది. రేపు వృద్ధాప్య పెన్షన్ పెంచి దీన్ని వదిలేస్తే, అప్పుడు ఈ సెక్షన్ పట్టుకుని అడగాలి.

ఇక మీ అసలు సమస్యకు వద్దాం. 40 శాతం, ఆపైన ఉంటేనే పెన్షన్, అది మొదటి నుంచీ ఉన్న రూలే. 2025 జనవరి నుంచి రాష్ట్రమంతా మళ్లీ పరీక్షలు పెట్టారు, ఆగస్టులో చాలామందికి నోటీసులు వెళ్లాయి, గొడవ అయ్యాక నోటీసు అందినవాళ్లకు కూడా సెప్టెంబరు పెన్షన్ ఇచ్చి, అప్పీలుకు అవకాశం ఇచ్చారు. మళ్లీ పరీక్ష చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, దొంగ సర్టిఫికెట్లు లేవని నేనూ అనను. కానీ పోలియోతో చచ్చుబడ్డ కాలు ఇన్నేళ్ల తర్వాత 58 నుంచి 36కి ఎలా బాగుపడుతుంది? దానికి కారణం కాగితం మీద కనపడాలి. వట్టి శాతం రాసి సంతకం పెడితే చాలదు.

కాలు వైకల్యాన్ని లెక్కగట్టే పద్ధతి కేంద్రం గెజిట్‌లో ఇచ్చింది, 2018లో ఒకసారి, మళ్లీ 2024 మార్చిలో మార్గదర్శకాలు వచ్చాయి. కీళ్లు ఎంతవరకు కదులుతున్నాయి, కండరాల్లో బలం ఎంత అన్నది ఒక లెక్క. నిలబడటం, నడవటం, మెట్లెక్కడం, ఒంటికాలి మీద ఆగడం ఇంకో లెక్క. ఈ రెండిటినీ ఊరికే కూడరు, ఒక సూత్రం ఉంది: మొదటిది 40, రెండోది 30 వస్తే మొత్తం 70 కాదు, దాదాపు 57 అవుతుంది. కాలు పొట్టిగా ఉంటే దానికి అదనంగా పాయింట్లు వేస్తారు. తమ్ముణ్ణి అడగండి, డాక్టరు టేపు పెట్టి కాలు కొలిచారా, మోకాలు వంచి చూశారా, నడిపించి చూశారా అని. కుర్చీలో కూర్చోబెట్టే చూసి పంపించేశారంటే, అప్పీలులో మొదటి వాక్యం అదే రాయండి.

ఇందాక చెప్పిన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే 59వ సెక్షన్ సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకునే హక్కు ఇచ్చింది. మీది పల్లె కాబట్టి ఎంపీడీఓ (మండల పరిషత్ అధికారి) ఆఫీసులో అప్పీలు ఇవ్వండి, పాత సర్టిఫికెట్, కొత్తది, నోటీసు, ఆధార్, పాత ఆసుపత్రి చీటీలు ఏవుంటే అవి జిరాక్సులు జతచేయండి. అక్నాలెడ్జ్‌మెంట్ లేకుండా అక్కణ్ణుంచి కదలొద్దు. ఇంకో కాపీ సోమవారం అనంతపురం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి మాటగా సచివాలయంలో చెప్పి వచ్చాం అంటే రేపు కోర్టులో దానికి విలువ ఉండదు. మళ్లీ పరీక్షకు పిలిస్తే ఒక్క పూట కూడా ఎగ్గొట్టొద్దు, రాలేదన్న కారణం చూపి ఆపేయడం వాళ్లకు తేలిక.

పాత డబ్బు గురించి: అది ప్రభుత్వ డాక్టర్లు పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్ మీద వచ్చిన పెన్షన్. మీ వాళ్లు ఏదీ దాచలేదు, దొంగ కాగితం పెట్టలేదు. అలాంటప్పుడు వెనక్కి కట్టమని ఎవరైనా నోటితో బెదిరిస్తే ఒక్క రూపాయి కట్టొద్దు, రాతపూర్వకంగా ఇమ్మనండి, ఇస్తే దాన్నీ సవాలు చేయొచ్చు.

అప్పీలు తేల్చకుండా, మీ మాట వినకుండా పెన్షన్ ఆపేస్తే హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్, వేయొచ్చు. సంజాయిషీకి అవకాశం ఇవ్వకుండా అర్హత తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధం. ఖర్చు గురించి భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. అనంతపురం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అప్లికేషన్ మీద తమ్ముడి సంతకమో వేలిముద్రో తీసుకుని, కాగితాలతో మీరు వెళ్లండి, అతన్ని మొదటి రోజే బస్సుల్లో తిప్పాల్సిన పని లేదు.