పేచీ వాడిది, శిక్షణ మాకా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మా బాబుకు నాలుగేళ్లు. అడిగింది ఇవ్వకపోతే చేతిలో ఉన్నది విసిరేస్తాడు. తోటి పిల్లలను కొరుకుతున్నాడని స్కూలు నుంచి తరచూ ఫోన్లు. డాక్టరు పీసీఐటీ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ) చికిత్సకు వెళ్లమన్నారు. తీరా చూస్తే శిక్షణ మాకట! ‘పెంచడం చేతకాదని మన మొహం మీదే అంటున్నారు’ అని మావారు రానంటున్నారు. రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడని అత్తగారి మాట. ఏం చేయమంటారు?

జవాబు: మీవారికి కోపం రావడం సహజమే. కానీ థెరపిస్టు వారానికో గంట కనిపించే మనిషి. అన్నం తినిపించేదీ, పేచీకి ఎదురుగా నిలబడేదీ మీరు. అందుకే మందు మీ చేత ఇప్పిస్తారు. తప్పు మీదని కాదు.

షీలా ఐబర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. ముఖ్యంగా 2 నుంచి 7 ఏళ్ల పిల్లలకు వాడతారు. మీరు బాబుతో ఆడుకుంటుంటే థెరపిస్టు అద్దం అవతల నుంచి చూస్తూ, ఏమనాలో మీ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అప్పటికప్పుడు చెబుతారు. వీడియో కాల్‌లోనూ చేస్తున్నారు.

మొదటి దశలో ఆట వాడి ఇష్టం. వాడు చేస్తున్నది మీరు పైకి చెప్పాలి, వాడన్న మాట తిరిగి అనాలి, మెచ్చుకోవాలి. ఉత్త ‘గుడ్ బాయ్’ చాలదు. ‘కారును విసరకుండా మెల్లగా పెట్టావు, భలే’ అనాలి. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు వద్దు. మనవాళ్లు తడబడేది ఇక్కడే. ‘ఇదేం రంగు? ఎన్నున్నాయి? అంకుల్‌కి చెప్పు’... మన ఆటలో సగం పరీక్షే కదా! ఐదు నిమిషాల్లో ఇలాంటి మెప్పులు పది, తిరిగి అనడాలు పది, వర్ణనలు పది రావాలి. వద్దన్నవన్నీ కలిపి మూడు దాటకూడదు. అప్పుడే రెండో దశ. ఇంట్లోనూ రోజూ ఐదు నిమిషాలు ఇలా ఆడాలి. వాడు అల్లరి చేశాడని ఆ రోజు ఆట మానేయకండి. చిన్న చిన్న పేచీలను పట్టించుకోనక్కర్లేదు. కొరికితే మాత్రం ఆట అక్కడితో ఆపేయాలి.

రెండో దశ క్రమశిక్షణ. ‘బొమ్మలు సర్దుదామా?’ అని కాదు, ‘ఈ కారు డబ్బాలో పెట్టు’ అని ఒక్కసారే, నెమ్మదిగా చెప్పి ఆగాలి. వింటే మెచ్చుకోవాలి. వినకపోతే ఒక హెచ్చరిక, అప్పటికీ వినకపోతే టైమ్ అవుట్ కుర్చీ, అంటే ఆట ఆపి కాసేపు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టడం. మీ అంతట మీరు దీన్ని ముందే మొదలుపెట్టకండి.

ఇక అత్తగారి వైద్యం. కొరికాడని కొడితే, కోపమొస్తే చెయ్యి చేసుకోవచ్చని వాడికి నేర్పినట్టే. ఆమెతో వాదించకండి. బాబును చూసుకునే పెద్దవాళ్లనూ ఈ శిక్షణలో చేర్చుకోవచ్చు. ఆమెనూ తీసుకెళ్లవచ్చేమో థెరపిస్టును అడగండి. ఏ భాషలో ఆడాలో కూడా అడగండి. వాడికి తెలుగే దగ్గరైతే ఇంట్లో ఆట తెలుగులోనే సాగనివ్వండి.

వాడికి మాటలు ఆలస్యమా? మీరు రాయలేదు. చెప్పలేని పిల్లలు కొరుకుతారు కూడా. వినికిడి, మాట పరీక్షలు కాకపోతే ముందు అవి చేయించండి. మీవారిని మొదటి రోజు ఊరికే కూర్చుని చూడమనండి. అప్పటికీ రానంటే మీరొక్కరే మొదలుపెట్టండి. ఆయన తర్వాత చేరవచ్చు.