పెట్టె వేడెక్కుతుంటే ముందు ఫ్యాను చోటు మార్చండి

ఇంట్లో లైటు కింద మొక్కలు పెంచే మూసిన పెట్టెలో లైటు వేసిన గంటకే 36 డిగ్రీలు దాటుతోందని, అడుగున ఫ్యాను పెట్టినా తగ్గడం లేదని రాశారు. లోపం ఫ్యానుది కాదు, దాన్ని పెట్టిన చోటుది. వేడిగాలి పైకి చేరుతుంది కనుక ఫ్యానును పైమూలలో, గాలిని బయటికి లాగేలా బిగించండి. పెట్టె ఎదుటి గోడకు అడుగున, గాలి లోపలికి రావడానికి, ఫ్యాను కంటే పెద్ద రంధ్రం ఉండాలి. చాలామంది దీన్ని ఇరుకుగా వదిలేసి ఫ్యానును తిడతారు. తలుపు మూసి, ఆ రంధ్రం దగ్గర పలుచని కాగితం పట్టి చూడండి. లోపలికి వంగితే గాలి ఆడుతున్నట్టే. ఎల్‌ఈడీ డ్రైవర్‌ను, అంటే లైటుకు కరెంటు అందించే చిన్న డబ్బాను, పెట్టె బయటికి తెచ్చేయండి, ఆ వేడి లోపల ఎందుకు? థర్మామీటరును లైటు నేరుగా పడకుండా ఆకుల ఎత్తులో వేలాడదీయండి. అన్నట్టు, ఏ ఫ్యానూ పెట్టెను గది కంటే చల్లబరచలేదు. గదిలోనే 34 ఉంటే లైటు వేళలను రాత్రికి మార్చుకోండి.