'దాదాపు' దగ్గర ఆగు

అమ్మాయీ,

అణువుల సౌష్ఠవం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బెంజీన్ పేరా చక్కగా కుదిరింది. టోలుయీన్ దగ్గరికొచ్చేసరికి 'ఇదీ దాదాపు సౌష్ఠవంగానే ఉంటుంది' అని ఒక్క ముక్కతో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది కదా!

బెంజీన్‌లో షడ్భుజంగా చేరిన ఆరు కార్బన్లూ ఒకే తీరు. అందుకే ఎలక్ట్రాన్లతో నిండిన ఆర్బిటాళ్లలో (అణువులో ఎలక్ట్రాన్లు పరుచుకునే చోట్లు) అన్నిటికన్నా పైనున్న రెండింటి శక్తీ సరిసమానం. ఒక హైడ్రోజన్ తీసి మిథైల్ (CH3 గుంపు) తగిలిస్తే అదే టోలుయీన్; గణితం దృష్టిలో ఆ షడ్భుజ సౌష్ఠవం మొత్తం పోయినట్టే. ఎలక్ట్రాన్లకు అంత పట్టింపు లేదు. మిథైల్ అంటుకున్న కార్బన్ మీద ఎలక్ట్రాన్ సాంద్రత ఉన్న ఆర్బిటాల్ కాస్త పైకి జరుగుతుంది. ఆ కార్బన్ గుండా నోడ్ (ఎలక్ట్రాన్ జాడ ఉండని తలం) పోయే రెండోది కదిలీ కదలనట్టు ఉండిపోతుంది. ఆకారాలు చూస్తే రెండూ బెంజీన్ బిడ్డలేనని తెలిసిపోతుంది. ఇది రాయి.

ఇంకో జంట ఉంది, నాకు మహా ఇష్టం: నైట్రోజన్ అణువు (N2), కార్బన్ మోనాక్సైడ్ (CO). రెండింటికీ 14 ఎలక్ట్రాన్లే, బంధం పొడవులూ దగ్గర దగ్గరే: 1.10, 1.13 ఆంగ్‌స్ట్రామ్‌లు. నైట్రోజన్ ఎంత సాగి ముడుచుకున్నా రెండు కొసలూ ఒకటే కనుక ద్విధ్రువం (ఒక కొస ధనం, మరో కొస రుణం కావడం) పుట్టదు, పరారుణ కాంతిని పట్టించుకోదు. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 2143 తరంగ సంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్క) దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది. ఆర్బిటాళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడు, అన్నదమ్ముల్లా ఉంటాయి. కాకపోతే మోనాక్సైడ్‌లో పైనున్న నిండు ఆర్బిటాల్ కార్బన్ వైపు ఒరిగి ఉంటుంది. హీమోగ్లోబిన్‌లోని ఇనుమును అది ఆ కొసతోనే పట్టుకుంటుంది. ప్రాణం తీసే ఒరుగు!

సౌష్ఠవం ఎంత తప్పిందో కొలిచే పద్ధతులూ ఉన్నాయి. 1990లలో డేవిడ్ అవ్‌నీర్ బృందం ఒకటి ప్రతిపాదించింది: పరమాణువులను ఎంత జరిపితే ఆకారం సౌష్ఠవంగా మారుతుందన్నదే కొలత, సున్నా వస్తే లోపం లేనట్టు. వాడుకో, కానీ ఆ అంకె ఒక్కటే రాసి ఊరుకోకు. ఏ నియమం ఎక్కడ సడలిందో అది చెప్పదు.

నేనూ తక్కువ తినలేదులే. బెంజీన్ 255 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చడం సౌష్ఠవరీత్యా నిషిద్ధం, కాబట్టి జరగదు అని ఒకసారి అచ్చేయించాను. జరుగుతుంది, బలహీనంగా. కంపనాలు షడ్భుజాన్ని క్షణక్షణం వంకర చేస్తూనే ఉంటాయి మరి. ఒక పాఠకుడు కార్డు రాసి చీవాట్లు పెట్టాడు.

టోలుయీన్ పేరా మళ్లీ రాసి పంపు. బొమ్మ కూడా నువ్వే గీయి.