కెప్టెన్ అప్‌గ్రేడ్ వస్తే వెంటనే తీసుకోవాలా?

ఎయిర్‌లైన్‌లో ఎనిమిదేళ్లుగా ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా ఉన్నాను, ఇప్పుడు కెప్టెన్ అప్‌గ్రేడ్‌కి పిలిచారు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. ఈసారికి వద్దని చెప్పండి. నాకు పిలుపు వచ్చిన రోజే నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు స్టాండ్‌బైలో, అంటే ఎప్పుడు ఫోన్ వస్తే అప్పుడు బయల్దేరాల్సిన డ్యూటీలో గడిపాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చేరిన తేదీని బట్టి వచ్చే సీనియారిటీ నంబరే సెలవుల్నీ ఫ్లైట్లనీ ఎవరు ముందు ఏరుకోవాలో తేలుస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఒక్క విషయం చాలామంది సంతకం పెట్టాకే గమనిస్తారు. ఎనిమిదేళ్ల సర్వీసుతో మీరు ఇప్పుడు డ్యూటీ మొదలయ్యే మీ బేస్‌లో ఫస్ట్ ఆఫీసర్ల జాబితాలో బాగా పైన ఉండి ఉంటారు. ఫలానా రోజులు సెలవు కావాలని బిడ్ చేస్తే ఎక్కువసార్లు దొరుకుతుంది. ఎడమ సీటుకి, అంటే కెప్టెన్ సీటుకి మారిన రోజు అదే నంబర్‌తో కెప్టెన్ల జాబితాలో అట్టడుగుకి వెళ్తారు. నంబర్ అదే. మీకంటే ముందున్న వాళ్లు మాత్రం పెరిగిపోతారు. వాళ్లందరూ ఏరుకోగా మిగిలింది మీకు వస్తుంది. సాధారణంగా మిగిలేది స్టాండ్‌బై.

నేను కెప్టెన్ అయిన రెండో నెలలో జరిగింది చెబుతాను. రాత్రి 2:40కి ఫోన్ మోగింది. ఉదయం ఫ్లైట్‌కి వెళ్లాల్సిన కెప్టెన్‌కి ఒంట్లో బాగాలేదట, నన్ను రమ్మన్నారు. ఆ రోజు సాయంత్రం మా బాబు చేతికి కట్టు విప్పాలి. కట్టు కోసే మెషీన్ చప్పుడంటే వాడికి చచ్చేంత భయం. రెండో చెయ్యి నేను పట్టుకోవాలని వారం రోజులుగా అడుగుతున్నాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఫ్లైట్ కాబట్టి పర్వాలేదులే అనుకుని బయల్దేరాను.

కుడి సీటులో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నాయన నాకంటే చాలా ఏళ్ల ముందు చేరినవాడు. గంటలు కూడా నాకంటే చాలా ఎక్కువ. అప్‌గ్రేడ్ పిలుపు వచ్చినప్పుడల్లా వద్దని చెబుతూ వచ్చాడని అందరికీ తెలుసు. ఆ ఫ్లైట్ ఆయనకి ఎవరో వేసింది కాదు, ఆయనే బిడ్ చేసి తీసుకున్నాడు. తెల్లవారకముందే లేవాల్సి వచ్చినా మధ్యాహ్నానికి ఇంట్లో ఉండొచ్చని.

మేం చేరేసరికి కింద పొగమంచు. రన్‌వే మీద 600 మీటర్లు కనిపిస్తోందని చెప్పారు. రేడియో సంకేతాల ఆధారంగా దిగే మామూలు పద్ధతికి (కేటగిరీ 1 ఐఎల్ఎస్ అప్రోచ్) 550 చాలు. మా ముందున్న రెండు విమానాలు దిగిపోయాయి. కానీ కొత్త కెప్టెన్‌కి మొదట్లో మినిమమ్స్, అంటే దిగాలంటే కనీసం ఎంత దూరం కనిపించాలన్న హద్దు, పెంచి పెడతారు కదా, నాకు 600 సరిపోదు. అనుభవం నిండా ఉన్న మనిషి పక్కనే ఉన్నాడు, నేను కెప్టెన్‌ని కావడం వల్ల విమానం దిగలేకపోతోంది. వెనక నూట అరవై మంది ప్రయాణికులు. హోల్డింగ్‌లో, అంటే దిగకుండా అక్కడే చుట్లు తిరగడానికి 25 నిమిషాల ఇంధనం. అది కాక ఆల్టర్నేట్‌కి, అంటే ఇక్కడ దిగలేకపోతే వెళ్లాల్సిన ఇంకో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లేంత, అక్కడికి చేరాక ముట్టుకోకూడని 30 నిమిషాల ఫైనల్ రిజర్వ్.

నేను ఆగుదామనే అనుకున్నాను. మంచు విడిపోతుందని ఆశ. నిజం చెప్పాలంటే అంతకంటే ఎక్కువ నా మనసులో ఉన్నది సాయంత్రం హాస్పిటల్. డైవర్ట్ అయితే ఆ టైముకి ఇల్లు చేరలేను. ఆయన నా ముఖం చూశాడు. మెల్లగా, "కెప్టెన్, ఏడు నిమిషాల్లో మనం ఇక్కడి నుంచి కదలాలి. ఆల్టర్నేట్ వెదర్ ఇప్పుడే తీశాను, బాగుంది. మనలాగే ఇంకా చాలామంది అక్కడికే వెళ్తారు. పార్కింగ్ నిండకముందే వెళ్దామా?" అన్నాడు. వెళ్దాం అన్నాను. ఆ రోజు నేను తీసుకున్న మంచి నిర్ణయం అదొక్కటే, అది కూడా ఆయన అడగబట్టి.

ఫస్ట్ ఆఫీసర్ అంటే అసిస్టెంట్ అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఇంకా కెప్టెన్ కాలేదా?" అని చుట్టాలు అడిగే ప్రశ్నలో ఉన్నది ఈ చిన్నచూపే. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అప్పుడూ మంచే, అప్పుడూ వేరే ఎయిర్‌పోర్ట్ నుంచి మళ్లించిన విమానాలతో అక్కడ చోటు లేదు. టేకాఫ్‌కి పరుగు తీస్తున్న విమానంలో ఫ్లైట్ ఇంజనీర్ అనుమానపడి, అవతలి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని అడిగాడు. బాగా పేరున్న సీనియర్ కెప్టెన్ చేసిందని తేల్చేసి, ఆగలేదు. అడిగే మనిషి, ఆ మాట వినే కెప్టెన్, ఇద్దరూ ఉంటేనే విమానం క్షేమం. ఈ వృత్తి అది నేర్చుకోవడానికి అన్ని ప్రాణాలు పోయాయి. కుడి సీటులో ఏళ్లు గడపడం వెనకబడటం కాదని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మంచు మూడు గంటల తర్వాత విడిపోయింది. ప్రయాణికుల్ని గమ్యం చేర్చాం. కానీ తిరుగు ప్రయాణానికి మాకు డ్యూటీ టైం మిగల్లేదు, హోటల్‌కి పంపారు. సాయంత్రం మా ఆయన ఫోటో పెట్టారు. కట్టు విప్పాక బాబు చెయ్యి సన్నగా, తెల్లగా పాలిపోయి ఉంది. వాడు కెమెరా వైపు చూడటం లేదు.

నా పక్క సీటులో ఉన్నాయనకీ ఆ మధ్యాహ్నం పోయింది. కానీ మర్నాడు ఇంటికెళ్లాక ఐదు రోజులు సెలవు, తను ఏరుకున్న ఐదు రోజులే. నాకు మర్నాడు పొద్దున హోటల్ నుంచే ఇంకో ఫ్లైట్ వేశారు. నాలుగో రోజు ఇల్లు చేరాను.

ఆ తర్వాత నెలల్లో జరిగినవన్నీ రాయను, అన్నీ ఇలాంటివే. ఒక దశలో నన్ను మళ్లీ కుడి సీటుకి పంపమని అడిగాను. అక్కడ ఖాళీ లేదన్నారు, సంతకం పెట్టినప్పుడు ఒప్పుకున్న సీట్ లాక్, అంటే సీటు మారకుండా ఉండాల్సిన గడువు, ఇంకా అయిపోలేదన్నారు. ఆ కాగితం మీరైనా పూర్తిగా చదవండి. తీసుకెళ్లేటప్పుడు ఎంతో మర్యాదగా తీసుకెళ్తారు, వెనక్కి రావడానికి మాత్రం దారి ఉంచరు.

జీతం సంగతి. ఎక్సెల్‌లో లెక్కలు వేసి, అప్‌గ్రేడ్ ఒక్క ఏడాది ఆలస్యమైతే రిటైర్ అయ్యేలోపు ఇంత నష్టం అని చూపించేవాళ్లు మీకు బోలెడంతమంది దొరుకుతారు. అంతర్జాతీయ ఎయిర్‌లైన్ ఫ్లైట్లకి వయసు పరిమితి 65 కాబట్టి ఆ కూడికలో తప్పుండదు. తప్పేమిటంటే అందులో స్టాండ్‌బై రాత్రులకి ఒక కాలమ్ కూడా ఉండదు. ఇంకొకరు 28 రోజుల్లో 100 గంటలకి మించి ఎగరనివ్వరు కదా, అంత కష్టమేముంది అంటారు. ఆ వంద గంటలు విమానంలో లెక్క. ఫోన్ పక్కన పెట్టుకుని నిద్రపోయీ పోకుండా గడిపిన రాత్రుల్ని ఆ వందలో ఎవరూ కలపరు.

వెంటనే తీసుకోవాల్సిన వాళ్లు లేరని కాదు. మీ కంపెనీ నిలబడుతుందో లేదో అన్న భయం ఉంటే తీసుకోండి. వేరేచోట ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తే లాగ్‌బుక్‌లో కెప్టెన్‌గా నడిపిన గంటలకి విలువ చాలా ఎక్కువ, సీనియారిటీ ఎలాగూ మీతో రాదు. కానీ 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు కొన్నిచోట్ల కొత్త కెప్టెన్లనే తిరిగి కుడి సీటుకి పంపేశారు. అడుగున ఉన్నవాళ్లకి ఆ సీటు కూడా గట్టిది కాదు. బేస్ ఉన్న ఊళ్లోనే కాపురం ఉంటే స్టాండ్‌బై కొంత నయం. వేరే ఊరి నుంచి వచ్చిపోతూ ఉంటే అసలు ఆలోచించొద్దు.

మీకు పిలుపు తొందరగా వచ్చిందంటే మీ పైనున్న వాళ్లలో కొందరు వద్దన్నారని అర్థం. నా విషయంలో నేనది చూడలేదు, నా పనితనం చూసి పిలిచారనుకుని పొంగిపోయాను. వాళ్లలో ఇద్దరికి ఫోన్ చేసి ఎందుకు వద్దన్నారో అడగండి. మీ బేస్ కెప్టెన్ల జాబితాలో మీ నంబర్ ఎక్కడ పడుతుందో, స్టాండ్‌బై గీత ఎక్కడ ఆగుతుందో, అంటే ఏ నంబర్ నుంచి పైవాళ్లకి స్టాండ్‌బై పడదో చూడండి. ఈ రెండింటికీ మధ్య ఎన్ని పేర్లున్నాయో, రాబోయే నాలుగేళ్లలో పైనుంచి ఎంతమందికి 65 నిండుతాయో లెక్కపెట్టండి. మీకు కావాల్సిన లెక్క అదే.

ఆ రోజు నా పక్కన కూర్చున్నాయన ఇంకో నాలుగేళ్లు ఆగి, వాళ్ల చిన్నమ్మాయి కాలేజీలో చేరాక అప్‌గ్రేడ్ తీసుకున్నాడు. చేరిన తేదీ నాకంటే ముందుది కాబట్టి కెప్టెన్ల జాబితాలో నేరుగా నా పైన వచ్చి కూర్చున్నాడు. కెప్టెన్‌గా చివరి పరీక్ష అయిన లైన్ చెక్ పూర్తయిన మొదటి నెల నుంచే ఆయన రోస్టర్‌లో స్టాండ్‌బై లేదు.